దస్తగిరమ్మ కాలికి లైసెన్సు

మా ఊర్లో పెద్దమనుషులు అనిపించుకున్నోళ్ళంతా ఏదో ఒక పొద్దు ఒక ఆడమనిషి కాలు కింద బోర్లా పండుకున్నోళ్ళే. ఈ మాట అప్పుడే రాసింటే నా మీదికి కట్టె ఎత్తుకొని వస్తాండ్రి. ఇప్పుడు వాళ్ళల్లో శానామంది లేరు, ఉన్నోళ్ళకు కండ్లు కనపడవు. అందుకే ధైర్యంగా రాస్తాండా.

ఆ మనిషి పేరు దస్తగిరమ్మ. మా ఊరు గుండ్లమిట్ట, పత్తికొండకు మూడు కోసుల దూరం. ఆ ఊరి బడిలో ఇరవై ఆరేండ్లు నేను అయివారుగా ఉంటి. బడికి ఎదురుగానే దూదేకులోళ్ళ వీధి. నేను లోపల ఎక్కాలు చెప్పిస్తాంటే బయట దస్తగిరమ్మ మొగుడు మదార్ సాహెబు విల్లు తగిలించుకొని టంగుటంగుమని దూది ఏకుతాండె. పిల్లోళ్ళు ఆ తాళానికే ఎక్కాలు పాడుతాండ్రి. ఒకసారి ఇన్స్పెక్టరు వచ్చి, ఈ బడిలో పదమూడో ఎక్కం ఇంత బాగ ఎట్ల వస్తాదయ్యా అని అడిగితే, అంతా నా పద్ధతి అని చెప్పుకుంటి. సరే, అది అట్ల పెడదాం.

బిడ్డ అన్నంక తల ముందుగా రావాల. దస్తగిరమ్మ కాళ్ళు ముందుగా పెట్టి వచ్చె. ఆ కాన్పుతో వాళ్ళమ్మ సగం చచ్చి బతికిందంట. అట్ల పుట్టినోళ్ళను మా పక్క ఎదురుకాళ్ళోళ్ళు అంటారు. నడుము పట్టుకుంటే వాళ్ళతో మూడు ఆదివారాలు ఎడమకాలితో తొక్కించుకోవాల, వదిలిపోతాదని అందరి నమ్మకం. కట్టెలమోపు ఎత్తినోళ్ళు, బండి మీద నుంచి దుమికినోళ్ళు, సేద్యంలో వంగినోళ్ళు వంగినట్లే బిగుసుకపోయినోళ్ళు, ఆదివారం పొద్దు పొడిచే పొద్దుకు ఆమె వాకిట్లో కూచ్చుంటాండ్రి. ఆమె గోనెపట్ట పరిచేది. మనిషి బోర్లా పండుకుంటే తాను గోడ పట్టుకొని నిలబడి, ఎడమకాలి మడమను నడుము మీద ఆనించి, యాడ బిగిసిందో కాలితోనే వెతికేది. దొరికినంక ఊపిరి వదలమనేది. వదిలేటప్పుడు ఒక్క తొక్కు. టక్కుమని సద్దు. వాడు లేసి నిలబడి అటు తిరిగి, ఇటు తిరిగి, "పోయిందే" అనుకుంటా ఇంటికి పోతాండె.

దీనికి ఒక కట్టుబాటు ఉండాది. ఏమీ పుచ్చుకోకూడదు. దుడ్లు సరే, ఒక గ్లాసు మజ్జిగ తాగినా కాలిలో గుణం పోతాదంట. దస్తగిరమ్మ ఆ విషయంలో ఎంత గట్టి అంటే, తొక్కించుకున్నోళ్ళ ఇంట్లో పెండ్లయినా మూడు నెలలు అన్నం తినేది కాదు.

మీరు ఒకటి గమనించాల. దస్తగిరమ్మ మా కరణం గడప తొక్కకూడదు. కరణం నడుము తొక్కచ్చు. ఆయప్ప ఇంటికి పోయి తడికుండ ముట్టుకోలేదు, కానీ తెల్లారి ఆయప్పే ఈమె వాకిలికి వచ్చి, తువ్వాల ముఖం మీద వేసుకొని బోర్లా పండుకుంటాడు. మిషను ఉపదేశి ప్రకాశం ఇట్లాంటివన్నీ మూఢనమ్మకాలని ఆదివారం ఏసు గుడిలో చెప్తాండె. గుడికి పోకముందే ఈడికి వచ్చి తొక్కించుకొని పోతాండె, లేకపోతే అంతసేపు నిలబడి చెప్పలేడు పాపం. ఇంక మునసబు కంబిరెడ్డి. ఆయప్ప నడుము ఏడాదికి నాలుగుసార్లన్నా పట్టుకుంటాది. ఈ కథంతా ఆ నడుము చుట్టే తిరుగుతాది.

ఎందుకంటే దూదేకులోళ్ళ వీధిలో ఉండే బావి ఉప్పునీళ్ళది. ఆ నీళ్ళల్లో పప్పు ఉడకదు, నోట్లో పోసుకుంటే నాలిక ముడుచుకుంటాది. తీపినీళ్ళు కంబిరెడ్డి కల్లం పక్క చేదబావిలో ఉండాయి. ఆ బావికి దోవ ఒక్కటే. దోవకు అడ్డం కంప వేస్తే బావి మూసినట్ల, కంప తీస్తే తెరిచినట్ల. రెడ్డికి నడుము బాగున్నన్ని దినాలు కంప ఉంటాది. నడుము పట్టుకుంటే, దస్తగిరమ్మ కాలు పైన పడతాది. కాలు పైన ఉన్నప్పుడు ఆమె మాట్లాడతాది.

"రెడ్డెప్పా, ఎండలు ముదురుతాండాయి."

"ఊఁ."

"మా ఆడోళ్ళు వంకలో చెలిమ తవ్వి ముంతతో ముంచుకుంటాండారు."

"ఆడే, ఆడే మే నొప్పి."

"తెలుసులే. ఆ కంప రవ్వంత పక్కకు జరిపిస్తే."

"జరిపిస్తా, ముందు తొక్కు."

ఇది కూలి కాదు, పుచ్చుకోవడం కాదు. ఊరికే మాట్లాడటమే. కాలు దించినంక ఆమె మాట వినేటోడు ఆ ఊర్లో లేడు, అది ఆమెకు తెలుసు. కంప ఒక నెల పక్కకు పోతాది. నడుము కుదురుకున్నంక మల్లా అడ్డం వస్తాది. ఆ వీధి ఆడోళ్ళు పొద్దున లేస్తానే, "రెడ్డి నడుము ఎట్లుండాదంట?" అని అడిగి కడవలు ఎత్తుతాండ్రి. మనిషి బాగుండాల అని అందరూ కోరుకుంటారు కదా, ఆ వీధిలో మటుకు కోరుకునేది వేరే.

ముప్పై నాలుగో సంవత్సరమో, ముప్పై ఐదో. ఎండాకాలం మొదట్లో మద్రాసు నుంచి ఒక కాగితం వచ్చె. నాటువైద్యులు తమ పేర్లు రిజిస్టరులో ఎక్కించుకోవాలని దాని సారాంశం. అందులో నిజంగా ఏమేమి ఉండెనో నాకు ఈ పొద్దుకూ తెలీదు, అది ఇంగ్లీషులో ఉండె. నాది తెలుగు చదువు. కంబిరెడ్డికి ఇంగ్లీషులో సంతకం మటుకే వస్తాది. ఆయప్ప తెలిసిన ముక్కలు ఏరుకొని, తెలియని చోట సర్కారు ఎట్ల మాట్లాడుతాదో ఆ ప్రకారం తానే పూరించి, తలారి చిన్న ఈరన్నతో దండోరా వేయించె. మందు ఇచ్చేటోళ్ళు, మంత్రం వేసేటోళ్ళు, తేలు దించేటోళ్ళు, పురుడు పోసేటోళ్ళు, నడుము తొక్కేటోళ్ళు, లైసెన్సు లేకుండా ఆ పని చేస్తే జైలు. చిన్న ఈరన్న దస్తగిరమ్మ ఇంటి ముందర తప్పెట ఆపి, "అక్కా, ఆ కడపటిది నీదే" అని చెప్పి, మల్లా కొట్టుకుంటా పోయె.

దస్తగిరమ్మ నేరుగా రెడ్డి కాడికి పోయె.

"ఏమప్పా, నా కాలికి లైసెన్సు కావాల్నా?"

"సర్కారు అడుగుతాంది మే. నేను సర్కారు మనిషిని. లైసెన్సు లేని కాలు కింద నేనెట్ల పండుకునేది?"

"నీకు నడుము పట్టుకుంటే?"

"పత్తికొండలో డాక్టరు ఉండాడు."

"మరి నీళ్ళు?"

"నీళ్ళకూ నడుముకూ ఏం సంబంధం?" అన్న్యాడంట. ఏం సంబంధమో ఆ ఊర్లో ఆయప్పకు తెలిసినంత బాగ ఎవరికీ తెలీదు. మరుసటి పొద్దుకు బావి దోవలో కంప పడె. ఈసారి పాత కంప కాదు, పచ్చి తుమ్మకంప, రెండు బండ్లు.

వంక అక్కడికి రెండు మైళ్ళు. దస్తగిరమ్మ కోడలు బీబమ్మకు అప్పుడు ఏడో నెల. వద్దంటే వినదు, అత్తతో పాటు కడవ ఎత్తుకొని పోయేది. ఒకపొద్దు ఇసుకలో కాలు జారి పడె. బిడ్డకు ఏమీ కాలేదు, కడవ పగిలె. ఆ సాయంత్రమే దస్తగిరమ్మ, మదార్ సాహెబు ఇద్దరూ బడికి వచ్చిరి. చిన్న ఈరన్న పత్తికొండ నుంచి తెచ్చిన ఫారం ఆమె చేతిలో ఉండె. ఈ ఫారం మటుకు తెలుగులోనే ఉండె.

"రాయి అయివారూ" అనె.

నేను కలం తీసి మొదటి ప్రశ్న చదివితి. "మీ వైద్యం ఆయుర్వేదమా, సిద్ధమా, యునానీనా?"

"అవేంటివి?"

"ఆయుర్వేదం మన శెట్టి అమ్మే లేహ్యాల మాదిరిది. యునానీ తురకలది. సిద్ధం నాకూ తెలీదు, అరవోళ్ళ పక్క ఉండాదంట."

"మేము తురకలమే కదా, అదే రాయి" అనె మదార్ సాహెబు. ఆయప్ప జీవితంలో దేన్నీ ఎక్కువసేపు ఆలోచించింది లేదు, దూది తప్ప.

"గురువు పేరు?"

"గురువు లేడు."

"ఎవరి కాడ నేర్చుకుంటివి మరి?"

"నేర్చుకోలేదు. పుడితిని."

"పుట్టేది చదువు కాదమ్మా."

"ఏ చదువుతో వస్తాది ఇది? ఇన్నేండ్లు చదువు చెప్తాండావు, ఒకణ్ణి నడుము తొక్కేటట్ల తయారు చేస్తివా?"

నాకు నవ్వు ఆగలేదు. గురువు అన్న చోట "స్వయంకృషి" అని రాస్తి. పుట్టేటప్పుడు కృషి చేసింది వాళ్ళమ్మ అనుకో, అది రాయడానికి ఫారంలో చోటు లేదు. తొమ్మిదో ఏట వాళ్ళ తాత నడుము తొక్కింది మొదలు లెక్కవేసి, అనుభవం ముప్పైయేండ్లు అని రాస్తి. కడాన ఒక షరతు ఉండె. వైద్యం వల్ల నయమైన గౌరవనీయులు ముగ్గురు తమ చేతిరాతతో యోగ్యతాపత్రం ఇవ్వాల.

"ముగ్గురేనా?" అనె దస్తగిరమ్మ. ఆ వారంలో ఆమె ముఖాన నవ్వు చూసింది అప్పుడే. "ఊరంతా ఉండారు కదా."

"చిన్న ఈరన్న ఇప్పుడే వేలిముద్ర వేస్తానంటాండాడు. బయటనే నిలబడుకున్న్యాడు" అనె మదార్ సాహెబు.

"వాడు పనికిరాడు. గౌరవనీయులు కావాల."

"వానికి నయమైంది కదా."

"నయమైంది. గౌరవం లేదు."

అప్పుడు ఆమె నా పక్కకు చూసె. నేనూ ఆ గోనెపట్ట మీద రెండుసార్లు పండుకున్నోణ్ణే. అర్జీ రాసినోడే సాక్షి ఉండకూడదమ్మా, కాగితం చెల్లదు అని చెప్పి తప్పించుకుంటి. అట్లాంటి చట్టం ఉండాదో లేదో నాకు తెలీదు. బడి జిల్లా బోర్డుది, జీతం బోర్డుది, అంతే నాకు తెలిసింది. కానీ నా మనసు రవ్వంత గుచ్చుకునింది, అందుకే సంతకాలకు ఆమె వెంట నేనూ పోతి.

మొదట కరణం. వాకిట్లో అరుగు మీద దస్త్రాలు ముందర పెట్టుకొని ఉండె. మాట వినంగానే, "నేనా? ఎప్పుడు?" అనె.

"ఉగాదికి ముందటి ఆదివారం సామీ. జంధ్యం పక్కకు తీసుకొని పండుకుంటివి."

కరణం లోపలికి తొంగి చూసి, గొంతు తగ్గించె. "పండుకోలేదని నేను అన్న్యానా? పండుకునేది ఒకటి, రాసిచ్చేది ఒకటి. నలభై ఏండ్లుగా రాతపని చేస్తాండా. రాసింది నూరేండ్లకైనా బయటికి వస్తాది. నా మనవడు చదివితే ఏమనుకుంటాడు?"

తర్వాత ప్రకాశం. ఆయప్ప మంచోడు, మమ్మల్ని కూచ్చోబెట్టి నీళ్ళు కూడా ఇచ్చె. "నీ కాలు కింద ఉన్నంతసేపూ నేను ప్రార్థన చేస్తాంటినమ్మా. నీ కాలు నయం చేసిందో, ప్రార్థన నయం చేసిందో నేనెట్ల రాసేది? కాలు అని రాస్తే మిషను దొరగారు నన్ను పని నుంచి తీసేస్తారు."

"ప్రార్థనతో పోయేదయితే మా వాకిలికి ఎందుకు వస్తివప్పా?"

"ప్రార్థన ఆడ బాగ కుదురుతాది" అనె ప్రకాశం, నేల చూసుకుంటా.

కంబిరెడ్డి అయితే లేసి నిలబడె. నడుము చక్కగా ఉన్నప్పుడు ఆయప్ప ఎప్పుడూ లేసి నిలబడే మాట్లాడతాడు. "మునసబు నడుము మీద దూదేకుల ఆడది కాలు పెట్టింది అని మునసబే రాసిస్తే, రేపు జమాబందీలో ఊరి లెక్కలు చూసే తాసిల్దారు నా ముఖం చూస్తాడా, నడుము చూస్తాడా?"

తిరిగి వచ్చేటప్పుడు ఆమె వీధి మొదట్లో నిలబడి, "నా కాలు కింద ఉన్నప్పుడు ముగ్గురూ ఒక్క అబద్ధం ఆడలేదు అయివారూ. లేసి నిలబడితేనే ఆడుతాండారు" అని చెప్పి, కడవ తీసుకొని వంకకు పోయె.

పది దినాలు కాలేదు. జమాబందీకి పోవాలని కంబిరెడ్డి అటక మీద నుంచి లెక్కల పెట్టె దించబోయి, పెట్టె దించినాడు గానీ తాను లేవలేకపోయె. వంగినోడు వంగినట్లే. పత్తికొండ డాక్టరు ఎర్రటి నూనె ఒకటి ఇచ్చె. ఇల్లంతా దాని వాసనే, వంగుడు మటుకు వంగుడే. ఆయప్ప అట్లనే బండెక్కి జమాబందీకి పోయె. ఉదయం నుంచి సాయంత్రం వరకు తన ముందర తల ఎత్తకుండా వంగి నిలబడిన మునసబును చూసి తాసిల్దారు, ఈ తాలూకాలో ఇంత వినయం గల మునసబు ఇంకొకడు లేడు అని నలుగురి ముందర అన్న్యాడంట. రెడ్డి ఇంకా రవ్వంత వంగె.

తిరిగి రాంగానే చిన్న ఈరన్నను పంపించె. నన్నూ పిలిపించె, కాగితం పని ఉంటాదని. దస్తగిరమ్మ పోయి వాకిట్లో నిలబడె. వంగినోడికి ఆమె ముఖం కనపడదు, పాదాలే కనపడతాండాయి. రెడ్డి పాదాలతోనే మాట్లాడె.

"మే, తొక్కు."

"లైసెన్సు లేదు రెడ్డెప్పా."

"ఎవరూ చూడరు."

"నువ్వు చూస్తావు కదప్పా. సర్కారు అంటే నువ్వే అంటివి. కోడలికి ఎనిమిదో నెల. నేను జైలుకు పోతే దాని పురుడు ఎవరు చూస్తారు?"

"నిన్ను ఎవరు పంపిస్తారు జైలుకు?"

"దండోరా నువ్వే వేయిస్తివి."

రెడ్డి ఆ పాదాల పక్కకు శానాసేపు చూసె. కరణాన్ని పిలిపించె, ఉపదేశిని పిలిపించె. ముగ్గురూ వసారాలో గుసగుసలాడి, ఒక మాట మీదికి వచ్చిరి. రాసిస్తారు, కానీ కాలు మాట ఉండకూడదు. కాలు ఉన్నచోట మందు అని పెట్టిరి. "దస్తగిరమ్మ ఇచ్చిన మందువల్ల నా నడుము నొప్పి పూర్తిగా నయమైనది" అని ముగ్గురూ రాసిరి. ప్రకాశం మటుకు ముందర "దేవుని కృపవల్లను" అని చేర్చె. పూర్తిగా నయమైనది అని రాసేటప్పుడు రెడ్డి ఎంత వంగి ఉండె అంటే, పలక మీద మొదటిసారి ఓనమాలు దిద్దే పిల్లోని మాదిరి ముక్కు కాగితానికి తగులుతాండె.

నేను అది చదివి వినిపిస్తే దస్తగిరమ్మ, "నేను ఎప్పుడప్పా మందు ఇచ్చింది?" అనె.

"నీకు కావాల్సింది నిజమా, లైసెన్సా?" అనె రెడ్డి.

"నీళ్ళు" అనె ఆమె. కాగితాలు మడిచి కొంగున కట్టుకునె.

"ఇప్పుడన్నా తొక్కు."

"లైసెన్సు రానీ."

ఇట్లాంటి అర్జీలు ఏడాది, రెండేండ్లు పడతాయంట. ఇది నెల లోపల కదిలె. కంబిరెడ్డి రోజుమార్చి రోజు చిన్న ఈరన్నను పత్తికొండకు తరుముతాండె. ఆ అర్జీ గురించి అంత ఆత్రంగా ఉండింది దస్తగిరమ్మ కాదు, ఆయప్పే. కర్నూలు నుంచి ఒక ఆఫీసరు పత్తికొండ ముసాఫరు బంగళాకు విచారణకు వచ్చె. నేనూ, మదార్ సాహెబూ ఆమెను బండిలో తీసుకపోతిమి. బంగళా వసారా నిండా వైద్యులే, ముందర సీసాలు, డబ్బీలు, కల్వాలు. ఈమె కాడ ఏమీ లేదు, రెండు పాదాలు తప్ప.

ఆఫీసరు యోగ్యతాపత్రాలు చదివి, కండ్లద్దాలు సర్దుకొని, "నీ మందు పేరేమమ్మా?" అనె.

నేను తల ఊపి ఆమెకు సైగ చేస్తి. ముందే చెప్పి ఉంటి, ఏం అడిగినా తల ఊపు అని. ఆమె తల ఊపలేదు.

"మందు లేదు దొరా. నేను తొక్కుతా, అంతే."

ఆఫీసరు ఆమెను చూసె, కాగితాలు చూసె. ఒక పక్క మునసబు, కరణం, ఉపదేశి, ముగ్గురి సంతకాలు. ఒక పక్క చదువు రాని ఒక ఆడమనిషి. పక్కనున్న గుమాస్తాతో మెల్లగా అనె, నాకు బాగ వినపడె: "చూడవయ్యా, అసలైన వైద్యులు ఇట్లనే ఉంటారు. ప్రాణం పోయినా మందు గుట్టు బయట పెట్టరు. పొద్దున్నుంచి వచ్చినోళ్ళంతా అడగకముందే మందుల పేర్లు అప్పచెప్పిరి."

ఆమె ఇంకొకసారి, "లేదు దొరా, నిజంగానే మందు లేదు" అనె. ఆఫీసరు నవ్వి, ముద్ర వేసె. నిజం చెప్పి లైసెన్సు తెచ్చుకున్నోళ్ళు ఆ దినం ఆ వసారాలో ఈమె ఒక్కతే, అది కూడా ఎవరూ నమ్మనందుకు.

లైసెన్సు ఊరికి వచ్చిన దినం కంబిరెడ్డి వాకిట్లో గోనెపట్ట తానే పరిపించె. నన్ను చదవమనె. దస్తగిరమ్మ, మదార్ సాహెబ్ భార్య, యునానీ హకీము, మందులిచ్చి వైద్యం చేయడానికి అర్హురాలు.

"మల్లా చదువు" అనె రెడ్డి, వంగినట్లే. మల్లా చదివితి.

"కాలు మాట లేదే."

"మీరే కదా తీసేస్తిరి" అంటి.

రెడ్డి ఆలోచనలో పడె. నడుము ఒక పక్క లాగుతాంది, సర్కారు ఒక పక్క. మందు ఇవ్వడానికి హక్కు ఉండాది, ఆమె కాడ మందు లేదు. తొక్కడం ఆమెకు వస్తాది, దానికి హక్కు లేదు. మదార్ సాహెబు తల పట్టుకొని కూచ్చునె. ఇన్ని దినాల తిప్పలు ఇందుకా అని నాకూ నీరసం వచ్చె. బావి దోవలో కంప ఎండి గట్టిపడింది అంతే, కదల్లేదు. బీబమ్మకు తొమ్మిదో నెల.

దస్తగిరమ్మ లోపలికి పోయి రెడ్డి భార్యను అడిగి ఇంత బెల్లం, ఇంత వాము తెచ్చి, రెండూ కలిపి నలిపి ఉండ చేసె.

"ఇదేంది మే?"

"మందు. నేను హకీమును కదా. నోరు తెరువు."

రెడ్డి తినె. మునసబు లైసెన్సును కాదనలేడు.

"ఇప్పుడు బోర్లా పండుకో. మందు గొంతులోకి తిరిగి రాకుండా పైనుంచి అదిమి పట్టాల. ఇది తొక్కడం కాదు రెడ్డెప్పా, మందు కూరడం."

రెడ్డి నా పక్కకు చూసె. నేను లైసెన్సును ఇటు తిప్పి, అటు తిప్పి చూసి, మందు కూరకూడదు అని యాడా రాసిలేదు అంటి. రెడ్డి పండుకునె. ఆమె గోడ పట్టుకొని, మడమ ఆనించి, వెతికె. దొరికె. కానీ తొక్కలేదు.

"ఈ మందుకు పథ్యముండాది" అనె.

"చెప్పు, చెప్పు."

"గుమ్మడికాయ తినకూడదు. వంకాయ తినకూడదు. బావికి కంప వేయకూడదు."

రెడ్డి తల ఎత్తబోయి, ఎత్తలేక, "ఇదేం పథ్యం?" అనె.

"యునానీ పథ్యం. మందు తిన్నోని ఇలాకాలో ఎవరన్నా దప్పికతో నాలిక ఎండి ఉంటే, తిన్నోని నరం ఎండుతాది."

"యాడుండాది అట్ల?"

"నాకు వైద్యం తెలుసని సర్కారు రాసిచ్చె. నీకు తెలుసని రాసిచ్చిందా?"

"పథ్యం ఎన్ని దినాలు?" అనె రెడ్డి, గోనెపట్టలోకే.

"మందు ఒంట్లో ఉన్నన్ని దినాలు. ఊపిరి వదులు."

రెడ్డి ఊపిరి వదిలె. టక్కుమనె. లేసి, రెండు నెలల తర్వాత మొదటిసారి మా ముఖాలు చూసె. చూసి, చిన్న ఈరన్నను పిలిచి, కంప తీసేయమనె.

మా పక్క మనుషులకు ఒక గుణముండాది. చట్టాన్ని తప్పించుకుంటారు, దేవుణ్ణి కూడా ఎట్లనో ఒకట్ల సరిపెట్టుకుంటారు, పథ్యం మటుకు తప్పరు. కంబిరెడ్డి ఆ తర్వాత గుమ్మడికాయ ముట్టలేదు, పెండ్లి విందులో వంకాయ పెడితే విస్తరి పక్కకు తోసె. కంప సంగతి ఎత్తనే లేదు.

ఆ సాయంత్రం మదార్ సాహెబు భయపడుకుంటా భార్యను అడిగె, "ఏమ్మే, బావి పుచ్చుకుంటివి కదా, కాలిలో గుణం పోతాదేమో."

"నేను యాడ పుచ్చుకుంటి? ఆయప్ప పథ్యం చేస్తాండాడు."

బీబమ్మకు వారం తిరక్కముందే కొడుకు పుట్టె. తల ముందుగానే వచ్చినాడు. మదార్ సాహెబు రవ్వంత నిరాశ పడె, ఇంకో హకీము ఇంట్లో పుడతాడని ఆశపడి ఉండె.

లైసెన్సు వల్ల దస్తగిరమ్మకు కష్టాలే ఎక్కువ వచ్చె. యునానీ హకీము అని పేరు విని ఆలూరు నుంచి దగ్గోళ్ళు, మంత్రాలయం పోయే యాత్రికుల్లో జ్వరమోళ్ళు, ఒకసారి కడప నుంచి మధుమేహమోడు కూడా వచ్చె. వాళ్ళందరికీ ఆమె ఒకటే మాట. "నాకు మందు తెలీదు నాయనా, ఆసుపత్రికి పో." వాళ్ళు పోరు. గుట్టు దాస్తాంది అనుకుంటా రెండు దినాలు వాకిట్లోనే కూచ్చుంటారు. ఏమీ లేదని చెప్పేకొద్దీ పేరు ఇంకా పెరిగె. ఆదివారాలు మటుకు మామూలే. కరణం ఇప్పుడు తువ్వాల లేకుండానే వస్తాండె, హకీము కాడికి వైద్యానికి పోతాండా అని చెప్పుకునే వీలు దొరికె కదా.

కంబిరెడ్డి నలభై మూడులో జ్వరంతో పోయె. కర్మాంతరం అయిన వారానికే ఆయప్ప కొడుకు తిమ్మారెడ్డి మునసబు అయి, చిన్న ఈరన్న చేత బావి దోవకు కంప తెప్పించె. ముప్పై ఎనిమిదేండ్లోడు, మనిషి రాతిగుండు మాదిరి ఉండె, నడుము ఎప్పుడూ పట్టుకున్నోడు కాదు. దస్తగిరమ్మ పోయి నిలబడె. అప్పటికి ఆమెకు తల నెరిసె.

"మందు తినింది మా నాయన, పథ్యం పట్టింది మా నాయన" అనె తిమ్మారెడ్డి. మర్యాదగానే అనె. "నేను తినలేదు కదమ్మా."

"మునసబుగిరి నీకెట్ల వచ్చె నాయనా?"

"మా నాయన నుంచి."

"ఆయప్పకు?"

"వాళ్ళ నాయన నుంచి."

"ఆ నడుమూ అట్లనే వచ్చె. మీ తాతనూ నేనే తొక్కితి, చిన్నపిల్లప్పుడు. మీ ఇంట్లో నలభై నిండినంక వస్తాది."

తిమ్మారెడ్డి చేయి మెల్లగా వెనక్కి పోయి నడుము తడుముకునె. చిన్న ఈరన్న అది చూసి, ఎవరూ చెప్పకముందే, దించిన కంపను మల్లా కర్రతో లేపి భుజానికి ఎత్తుకునె.